ఒంటిగంటకు వచ్చే మనిషి

హనుమకొండ,
జూలై 8

శోభక్కకు,

మూడేళ్లు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చొని పనిచేసిన మీకు ఇలా కాగితం మీద రాయాల్సి వస్తుందనుకోలేదు. మీ ఫోను పదిసార్లు చేస్తే ఒకసారి మోగుతుంది. మోగినా మాట తెగిపోతుంది. ఆ అడవిలో టవరు సరిగ్గా పనిచేయదట. మీ బడి చిరునామా మన ఆఫీసు పెద్ద సారంగపాణి సారు దగ్గర తీసుకున్నాను.

మన పాటల భాండాగారం కంప్యూటర్‌లోకి ఎవరో వస్తున్నారక్కా. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు, మేం అన్నానికి లేచే వేళకు. ఆదివారాలు రారు. రెండు నెలల నుంచీ ఇదే వరస. తనలో జరిగిన ప్రతి పనినీ ఆ కంప్యూటర్ చిట్టాగా రాసుకుంటుంది, అది చదివితే పోయిన వారం బయటపడింది.

దొంగైతే ఏదో ఒకటి ఎత్తుకుపోవాలి. ఆకతాయి అయితే ఏదో ఒకటి చెడగొట్టాలి. ఈ మనిషి ఏదీ ముట్టడు. 'మూసినవి' అని మీరు పెట్టించిన ఫోల్డరు దగ్గరికి వచ్చి, లోపల ఏముందో చూపించమని అడుగుతాడు. అందులో ఉన్నది ఒకటే కదా, 'సోమక్క – 4'. ఆ పేరు తెర మీదికి వస్తుంది, చూస్తాడు, వెళ్లిపోతాడు. మళ్లీ మరునాడు ఒంటిగంటకు.

మొగిలికి చెప్పకుండా ఉండాల్సింది. పొద్దున తాళాలు తీసేది అతనే కాబట్టి, ఎవరైనా వచ్చి పోతున్నారా అని అడిగాను. విషయమంతా విని, చీపురు పక్కన పెట్టి, "ఆమెనే మేడం. చెప్పుకుంట చెప్పుకుంట సగంల లేచి పోయింది గద, అందుకే తిరుగుతాంది" అన్నాడు. ఆ రోజు నుంచి రికార్డింగు గదిలో మధ్యాహ్నం పడుకోవడం మానేశాడు. నేను నవ్వాను. కానీ మొన్న ఒంటిగంటకు అన్నానికి లేవకుండా తెర ముందే కూర్చున్నాను. సరిగ్గా ఒంటిగంటా రెండు నిమిషాలకు చిట్టాలో ఒక కొత్త వరస వచ్చి చేరింది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

రఘునాథపల్లి సోమక్క పోయి ఏడాదిన్నర అయింది. ఆమె నాట్ల పాటలు మూడు ఫైళ్లు ఊళ్లన్నీ వింటున్నాయి. నాలుగోదాన్ని మాత్రం మీరు దగ్గరుండి మూసిపెట్టించారు. రెండో కాపీ కూడా ఉండొద్దన్నారు. అప్పుడు ఎందుకని అడగలేదు. అందులో ఏముందక్కా?

లోపం బహుశా సర్వరు అద్దెకిచ్చినవాళ్ల వైపు ఉండొచ్చు. చూస్తున్నాను.

శ్రీలత


ములుగు అడవి, బాలికల ఆశ్రమ పాఠశాల,
జూలై 14

చెల్లె శ్రీలతకు,

నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను. ఇక్కడ వాన విడవడం లేదు. తరగతి గదిలో ఒక మూల కురుస్తున్నది, అక్కడి పిల్లలను ఇవతలికి జరిపి పాఠం చెబుతున్నాను.

నాలుగో ఫైలు గురించి ఫికర్ పెట్టుకోకు. అది ఖరాబైన రికార్డింగు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్దమనిషి మాట అలా వికారంగా వినపడటం బాగుండదని మూసిపెట్టించాను. పోయినా నష్టమేమీ లేదు.

మొగిలి మాటలు నమ్మకు.

ఆ వచ్చే మనిషి దాన్ని వింటున్నాడా? లేక చూసి పోతున్నాడా? అది మాత్రం నాకు సరిగ్గా రాయి.

శోభారాణి


హనుమకొండ,
జూలై 20

శోభక్కకు,

వినలేదు. ఒక్కసారి కూడా వినలేదు. కాపీ చేసుకోలేదు. కావాలంటే క్షణంలో పని. అదే నాకు భయంగా ఉంది.

మీకు పోయినసారి అబద్ధం రాశాను. లోపం ఇంకెవరిదో కాదు, నాది. నేను చూసింది చూసినట్టు చెబుతాను.

పాటలు పంపేవాళ్లు మన వెబ్ పేజీలో ఒక డబ్బాలో పాట పేరు టైపు చేస్తారు కదా. నా పైథాన్ ప్రోగ్రాము ఆ పేరును తీసుకొని, 'ఈ ఆడియోను మార్చి, ఈ పేరుతో దాచిపెట్టు' అనే ఆజ్ఞలో అతికించి, షెల్‌కు అందిస్తుంది. షెల్ అంటే కంప్యూటర్ ఆజ్ఞలు వినే చోటు. చెప్పేది నేనా, దారిన పోయేవాళ్లా అని అది చూసుకోదు. మధ్యలో సెమీకోలన్ కనిపిస్తే ఒక ఆజ్ఞ అయిపోయిందనీ, ఆ తరవాతిది కొత్త ఆజ్ఞ అనీ అనుకుంటుంది. అంటే పాట పేరు రాసి, పక్కన సెమీకోలన్ పెట్టి, ఎవరు ఏం రాసినా మన కంప్యూటర్ నోరు మూసుకొని చేసిపెడుతుంది. పేరును ఆజ్ఞలో అతికించకుండా విడిగా అందించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. నాకు తెలుసక్కా. ఆ లైను పక్కన నేనే రాసుకున్నాను: 'ఇది ప్రమాదం, తరవాత మార్చాలి.' మరునాడు ప్రారంభోత్సవం. ఆ తరవాత రెండేళ్లు గడిచాయి.

ఆ మనిషి మొదట వచ్చింది మే 14న. దొంగతనానికి రాలేదు. పదకొండు సెకన్ల ఆడియో ఒకటి పంపాడు. విన్నాను. దవాఖాన వార్డు చప్పుళ్ల మధ్య ఒక ముసలి గొంతు సన్నగా కూనిరాగం తీస్తోంది. సోమక్కే. దానికి పేరు పెట్టే డబ్బాలో అతను మామూలుగా టైపు చేసింది ఇది: 'సోమక్క; చివరి పాట'. షెల్ ఆ సెమీకోలన్ దగ్గర ఆగి, 'చివరి' అనే ఆజ్ఞ కోసం వెతికి, లేదని చెప్పింది. షెల్ చెప్పేవన్నీ పేజీలో కనిపించేలా పరీక్ష కోసం పెట్టుకొని, తీసేయడం మరిచాను. కాబట్టి కన్నతల్లో ఎవరో, ఆమె చివరి పాట పంపిన మనిషికి మన పేజీ ఇచ్చిన జవాబు 'చివరి: దొరకలేదు'.

పది నిమిషాల తరవాత మళ్లీ వచ్చాడు. ఈసారి తెలిసే వచ్చాడు. సోమక్క పేరున్న ఫైళ్లన్నీ వెతికించాడు. నాలుగోది దొరికింది. అప్పటి నుంచి రోజూ.

అతను వస్తున్నది వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ నుంచి. అంతవరకే తెలిసింది. సారంగపాణి సారుకు చెప్పక తప్పలేదు. ఒకరు వచ్చిన దారిన ఇంకెంతమంది వచ్చారో తెలియదు కాబట్టి, మొత్తం తుడిచేసి కొత్తగా పెట్టమన్నారు. పాటలన్నిటికీ కాపీలు ఉన్నాయి. మూసిన ఫోల్డరుకు మాత్రం లేదు. 29న సోమవారం తుడుస్తాం. ఖరాబైందని మీరే రాశారు కాబట్టి, మీరు దాచమంటే తప్ప దాన్ని దాచను.

దాని నిడివి నలభై ఒక్క నిమిషాలు. ఫ్యాను చప్పుడును ఎవరైనా ఇన్నాళ్లు మూసిపెడతారా అక్కా?

శ్రీలత


ములుగు అడవి,
జూలై 25

శ్రీలతా,

తుడవకు. ఈ ఉత్తరం అందగానే దాన్ని వేరే చోట దాచు. ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే తెలుసు.

సోమక్క కొడుకు శేఖర్. ఆ కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునేది అతనే. తల్లి పోయాక మూడుసార్లు నా దగ్గరికి వచ్చాడు, అమ్మ చివరిసారి చెప్పింది వినిపించమని. మూడుసార్లూ అందులో ఏమీ లేదని పంపించాను. మూడోసారి ఆ జవాబు విని గడప దగ్గర నుంచే వెళ్లిపోయాడు. నేను అడవి బడి కావాలని కోరుకున్నది పిల్లల మీద ప్రేమతో అని అందరికీ చెప్పాను. నీకూ చెప్పాను.

ఆ రికార్డింగు రోజు పాటలయ్యాక సోమక్క "ఇగ బంద్ చెయ్యి బిడ్డా" అన్నది. మిషన్ మీద చెయ్యి పెట్టాను. నొక్కలేదు. ఆమె ముఖం చూస్తే ఏదో చెప్పబోతున్నదని తెలిసింది. ఆపేశానన్నట్టు చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా అలా చేయలేదు.

శేఖర్‌కు ఎనిమిదేళ్లప్పుడు చెల్లెలు రేణుక పొలం బావిలో పడి పోయింది. మూడేళ్ల పిల్ల. తల్లిదండ్రులు నాట్లలో ఉంటే, చూసుకొమ్మని పిల్లను అతనికి అప్పగించారు. చూసుకోలేదని తండ్రి కట్టయ్య ఆ పిల్లవాణ్ణి నీళ్లు తోడే తాడుతో కొట్టాడు. ఊరంతా ఆ మాటే అన్నది. అతను ఆ మాట మోస్తూనే పెరిగాడు.

సోమక్క నాతో చెప్పింది ఇది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను, ఒక్కటీ మరిచిపోలేదు.

"బావి కాడికి పిల్లలు పోకుంట అడ్డం పెట్టిన తుమ్మ కంపను పొద్దుగాల నేనే గుంజుకొచ్చిన. మూడు దినాల వానకు మొద్దులన్నీ తడిసినయి, పొయ్యి అంటుకుంటలేదు. ఒక్క పూట ఎండకు సన్న కంప ఎండింది. వండినంక వేరే కంప కొట్టి పెడుదామనుకున్న. నాట్లకు పొద్దు పోయిందని ఉరికిన, మరిచిన. వాని అయ్య వాణ్ణి కొడతాంటే నేను ఆడనే నిలబడ్డ. చెప్తే నన్ను సంపుతడని నోరు తెరువలే. ఆయన పోయినంక చెప్పచ్చు. అప్పుడు కూడ తెరువలే."

అది చెప్పాక ఆమె నీళ్లు అడిగింది. మొగిలి తెచ్చే లోపే లేచి వెళ్లిపోయింది.

శేఖర్‌కు వినిపించాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తల్లిని కూడా పోగొట్టుకున్నవాడికి ఆ తల్లి ఇలా చేసిందని ఎలా వినిపించను? ఇది నేను పైకి చెప్పుకున్న కారణం. అసలుది వేరు. వినిపిస్తే, ఆపమన్నా ఆపకుండా దొంగతనంగా పట్టుకున్నానని బయటపడుతుంది. చెరిపేయడానికి చెయ్యి రాలేదు, వినిపించడానికి నోరు రాలేదు. ఆమె గొంతు ఇక్కడ కూడా వినిపిస్తుంది. పిల్లలు పంపు దగ్గర బిందెలు పెట్టుకొని మాట్లాడుకుంటుంటే మధ్యలో "ఇగ బంద్ చెయ్యి బిడ్డా" అని. తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు.

వాగు పొంగి రెండు రోజులుగా బస్సు రావడం లేదు. జీపువాళ్లెవరైనా ములుగు పోతే ఇది ఇచ్చి పంపుతాను.

శోభారాణి


హనుమకొండ,
ఆగస్టు 7

శోభక్కకు,

మీ ఉత్తరం మూడో తారీఖున వచ్చింది. 29న తుడిచేశాను.

ఆ పొద్దున కూడా మీకు ఆరుసార్లు ఫోను చేశాను. మీరు రాయలేదంటే అక్కర్లేదనే అనుకున్నాను. మనసుకు ఏదో తోచి, ఆ ఫైలును ఒక్కసారి విందామని తెరవబోయాను. మీరు మూసిపెట్టించింది కదా అని వదిలేశాను. తరవాత మొత్తం తుడవమని ఆజ్ఞ ఇచ్చాను. అడ్డూ ఆపూ లేకుండా చేసేసింది. మీ ఉత్తరం చదివాక తిరిగి తీయించే ప్రయత్నం చేశాను, హైదరాబాద్‌లో తెలిసినవాళ్లను కూడా అడిగాను. దాని మీదే కొత్తవి రాసేశాం. ఇక రాదు.

కొత్త ప్రోగ్రాములో పాట పేరు షెల్ దాకా పోదు. డబ్బాలో ఏం రాసినా అది వట్టి పేరే. 30న ఒంటిగంటకు అతను మామూలుగా వచ్చాడు. ఎప్పుడూ ఇచ్చే ఆజ్ఞే టైపు చేశాడు. అది పనిచేయకుండా, పాటల జాబితాలో ఒక పాట పేరుగా వచ్చి కూర్చుంది. మరునాడు మళ్లీ అదే. ఒకటో తారీఖున ఖాళీ ఆడియోకు పెట్టిన పేరు: 'మా అమ్మ ఏది?'

ఊళ్లన్నీ చూసే జాబితాలో, నాట్ల పాటల మధ్యలో, ఆ మూడు మాటలు. మొగిలి చూసి నా బల్ల దాకా వచ్చి, వెనక్కి పోయాడు. దాన్ని తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పటికి మీ ఉత్తరం ఇంకా రాలేదు.

నిన్న కాలేజీకి వెళ్లాను. సరిగ్గా ఒంటిగంట. పిల్లలు అన్నాలకు పోయారు. వరసగా అరవై కంప్యూటర్లు, చివరి దాని ముందు ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లకు తల సగం నెరిసింది. భాండాగారం నుంచి వచ్చానంటే లేచి నిలబడ్డాడు. పోలీసులను తెచ్చాననుకున్నాడేమో, తప్పు తనదేనని, కాలేజీకి చెప్పొద్దని మెల్లగా అన్నాడు. తలుపు తెరిచి పెట్టింది నేనేనని చెప్పాను. తుడిచింది కూడా నేనేనని చెప్పాను.

కుర్చీ అంచు పట్టుకొని నిలబడ్డాడు. రెండు నెలలు రోజూ వచ్చి ఎందుకు తీసుకుపోలేదని అడిగాను.

"ఒక్క ఆజ్ఞ చాలు మేడం. నాకు ఎరుకే. కని అండ్ల నా పేరే చెప్పి ఉంటది. చెల్లెను నేనే సంపిన్నని. అందుకే శోభ మేడం వినిపిస్తలేదని అర్థమైంది. వినేటంత ధైర్యం లేకుండె. ఉన్నదా లేదా అని చూసుకొని పోయేటోణ్ణి. ఉన్నదని తెలిస్తే జర అన్నం తినబుద్ధి అయ్యేది."

ఇంకొకటి చెప్పాడు. ఇది మీకు తెలియాలి. దవాఖానలో చివరి రోజుల్లో సోమక్క అతనితో అన్నదట: "నీకు చెప్పాల్సింది నీ మొకం చూసుకుంట చెప్పరాలే కొడుకా. శోభ మేడం మిషన్ల చెప్పిన. ఆమె బంద్ చెయ్యలే, ఎర్ర లైటు నేను చూసిన. పోయి విను."

ఆమెకు తెలుసక్కా. మిషన్ నడుస్తున్నదని తెలిసే చెప్పింది.

మీరు నాకు రాసింది అతనికి చెప్పడానికి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అది విన్నది మీరు. గొంతు ఎలాగూ పోయింది, ఆ మాటలు విన్న మనిషి మీరొక్కరే మిగిలారు. రండి.

శ్రీలత


ములుగు అడవి,
ఆగస్టు 20

శ్రీలతా,

వెళ్లి వచ్చాను. నీకు చెప్పకుండా నేరుగా రఘునాథపల్లికే పోయాను. వరంగల్‌లో దిగితే నీ దగ్గరికి వచ్చి కూర్చుంటానని, అక్కడి నుంచి కదలనని భయమేసింది.

శేఖర్ అదే ఇంట్లో ఉంటున్నాడు. భార్య యమున కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మా ఇద్దరినీ వదిలి పక్కింటికి పోయింది. మొదట నేను చేసింది చెప్పాను. బంద్ చేయకపోవడం, మూసిపెట్టడం, మూడుసార్లు అబద్ధం చెప్పడం. తల ఊపాడు. తరవాత సోమక్క మాటలు, ఆమె చెప్పిన వరసలోనే చెప్పాను.

అతను నేల చూస్తూ విన్నాడు. అయిపోయాక లేచి నాకు ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చిపెట్టాడు. "మీరు మంచోళ్లు మేడం. నా పానం నిమ్మలం కావాలని ఇట్ల చెప్తాన్రు" అన్నాడు.

నమ్మలేదు శ్రీలతా. ఎందుకు నమ్మాలి? మూడుసార్లు అబద్ధం చెప్పిన నోరు ఇది. నిజం చెప్పే గొంతును ఏడాదిన్నర నా దగ్గరే పెట్టుకొని, అది లేకుండా పోయాక చేతులూపుకుంటూ వచ్చాను. ఒట్టు పెట్టబోయి ఆగిపోయాను. నా ఒట్టు అతనికి ఏం పనికొస్తుంది?

ఇంకేం చేయాలో తెలియక మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మొద్దులు తడవడం, పొయ్యి అంటుకోకపోవడం, ఒక్క పూట ఎండకు సన్న కంప ఎండటం. అక్కడికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"ఆ పొద్దు ఏం వండిందో చెప్పిందా?"

చెప్పలేదన్నాను. వండినంక అన్నది, అంతే.

అతను గోడకు ఆనుకొని కూర్చున్నాడు. బయట ఎవరో ట్రాక్టర్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసుకొని పోయారు. అప్పుడు తనలో తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"మూడు దినాలు అటుకులే తిన్నం. పొయ్యి అంటుకోలే. ఆ పొద్దు పొగలొచ్చే బువ్వ పెట్టింది. రేణుక నోరు కాలిందని ఏడిస్తే నేనే ఊదుకుంట తినిపిచ్చిన. కట్టెలు ఏడియని నేనెన్నడు అడగలే."

ఆ తరవాత అతను ఏడుస్తాడనుకున్నాను, లేదా తల్లిని తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. తన రెండు చేతులనూ ఒళ్లో పెట్టుకొని చూసుకుంటూ కూర్చున్నాడు. అన్నం ఊది తినిపించిన చేతులు. ముప్పై ఏళ్లుగా అవి చెల్లెలిని వదిలేసిన చేతులని మాత్రమే అతనికి గుర్తు. ఆ పొద్దున తినిపించిన సంగతి అతనికి ఇప్పటిదాకా గుర్తుకే రాలేదట.

"ముప్పై ఏండ్లు నా ముంగట ఎట్ల తిరిగింది మేడం మా అమ్మ" అన్నాడు. "ఎంత భయమైందో."

ఉండి అన్నం తిని పొమ్మన్నారు. ఉండలేకపోయాను. శేఖర్ హైవే దాకా తోడు వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డాం. లారీలు పోతుంటే మాటలు వినపడటం లేదు. నువ్వు జాబితాలోంచి 'మా అమ్మ ఏది?' తీసేశావా అని అడిగాడు. తీయలేదని, నీకు చెయ్యి రాలేదని చెప్పాను. తీసెయ్యమనలేదు, ఉంచమనలేదు.

వరంగల్ బస్సు దూరంగా కనిపించింది. చెయ్యి ఊపి ఆపాను. ఎక్కబోతుంటే శేఖర్ వెనక నుంచి, "ఇంకొక్కసారి చెప్తరా మేడం? జర మెల్లగ. అమ్మ ఎట్ల చెప్పిందో అట్లనే" అన్నాడు.

కండక్టర్ రెండుసార్లు విజిల్ వేశాడు. నేను దిగాను. బస్సు వెళ్లిపోయింది. రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద ఇద్దరం కూర్చున్నాం. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.

శోభారాణి